కొలిమి అతుకు
(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవాళ్ళు మమ్మల్ని మొదట సైట్ సేఫ్టీ మీద మాట్లాడమన్నారు. రోజూ పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగులో అదే వింటున్నారు, సెలవు రోజున కూడా అదే చెప్తే మీరు మమ్మల్ని క్షమించరు. అందుకని వేరే విషయం అడిగి తీసుకున్నాం. ఒమన్‌లో, నిజ్వా దగ్గరి మా క్యాంపు నుంచి ఏడుగురం పోయిన చలికాలం అంతా శుక్రవారాలు ఒక కమ్మరి కొలిమి దగ్గర గడిపాం. ఇనుముకు ఇనుమును నిప్పుతోనూ సుత్తితోనూ అతకడం నేర్చుకున్నాం. నేర్చుకున్నాం అంటే పూర్తిగా వచ్చిందని కాదు, మొదలుపెట్టామని. ఆ సంగతి చెప్తాం.

ఏడుగురిలో ఇద్దరు ఆర్క్ వెల్డర్లు, ఇద్దరు స్టీల్ ఫిక్సర్లు, ఒకడు హెల్పర్, మిగతావాళ్ళం సూపర్‌విజన్. ఇనుముతో రోజూ పనే. అయినా ఇనుము గురించి మనకు తెలిసింది ఎంత అంటే, డ్రాయింగులో ఉన్నంత. డిప్లొమా చదివేటప్పుడు వర్క్‌షాపులో స్మితీ అని ఒక షెడ్డు ఉండేది. గుండ్రటి కడ్డీని చదరంగా కొట్టడం, ఎస్ ఆకారపు కొక్కెం వంచడం, రికార్డు బుక్కులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకోవడం, అంతటితో సరి. అతుకు దాకా ఎవరూ పోలేదు.

నిజ్వాలో శుక్రవారం పొద్దున మేకల సంత జరుగుతుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ సంతకు పోయి, పక్కన బజారులో ఖర్జూరపు చెట్ల పనికి వాడే కొడవళ్ళు చూస్తూ, ఇవి ఎవరు చేస్తారని అడిగాం. ఊరి బయట తోటలో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పారు. అరబ్బీలో కమ్మరిని హద్దాద్ అంటారు, హదీద్ అంటే ఇనుము. మేము ఆయన్ని ఉస్తాద్ అని పిలిచాం, ఆయన మమ్మల్ని అందరినీ కలిపి 'భాయ్' అనేవాడు. పాత తరం ఒమానీలు చాలామందికి వచ్చినట్టే ఆయనకూ హిందీ వచ్చు. మాకు వచ్చినంత హిందీ ఆయనకు చాలు, ఆయనకు వచ్చినంత మాకు చాలు.

మేము పోయిన రోజు ఆయన అరిగిపోయిన ఒక పారకు కొత్త అంచు వేస్తున్నాడు. పార మెత్తటి ఇనుము, అంచుకు పాత లారీ కమాను పట్టీ ముక్క. రెండూ నిప్పులోంచి తీసి దాగలి మీద ఒకదాని మీద ఒకటి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. ఒక్కటై కూర్చున్నాయి. రాడ్డు లేదు, గ్యాస్ లేదు, హోల్డర్ లేదు. మా వెల్డర్ తమ్ముడు ఉండబట్టలేక "ఉస్తాద్, మిషన్ ఎక్కడ?" అని అడిగేశాడు. ఆయన సుత్తితో నిప్పును చూపించి "యే హై" అన్నాడు.

ఆర్క్ వెల్డింగు ఈ లోకానికి వచ్చింది 1880ల్లో. అంతకు ముందు ఇనుమును ఇనుముతో కలపాలంటే రివెట్టు కొట్టాలి, లేదా కొలిమిలో అతకాలి. గొలుసులు, లంగర్లు, బండి చక్రాల పట్టాలు, గొడ్డళ్ళు అన్నీ అలాగే. ఢిల్లీ ఇనుప స్తంభం ఉంది కదా, 7 మీటర్లకు పైగా ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు, సుమారు 1600 ఏళ్ళ వయసు. అది పోత పోసింది కాదు. ఇనుప ముద్దల్ని ఒకదానికొకటి కొలిమి వేడిలో అతికి పెంచుకుంటూ పోయినది. మనం ఇప్పుడు క్రేనుతో ఎత్తే బరువును వాళ్ళు నిప్పులోంచి తిప్పి తీశారు. సైటులో పనిచేసే మనకు ఆ కష్టం ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు పని. ఆర్క్ వెల్డింగులో లోహం కరిగి, కలిసి, గడ్డకడుతుంది. కొలిమి అతుకులో లోహం కరగదు. కరిగే దాకా పోకుండా ఇంకాస్త ఇవతల ఆగాలి. మెత్తటి ఇనుము, అంటే మనం మైల్డ్ స్టీల్ అనేది, దాదాపు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అతుక్కునేది 1250, 1300 డిగ్రీల దగ్గర. అప్పుడు ముఖాలు రెండూ శుభ్రంగా ఉండి ఒకదానికొకటి ఒత్తుకుంటే రెండూ ఒకే ముక్క అవుతాయి. శుభ్రంగా అన్న మాట దగ్గరే పనంతా ఉంది. ఎర్రగా కాలిన ఇనుము మీద గాలి తగిలితే చాలు, పొలుసు కడుతుంది. ఆ పొలుసు మధ్యలో ఉంటే ఎంత బలంగా కొట్టినా అతుకు పట్టదు. అందుకే వెలిగారం.

వెలిగారం మన కంసాలులు బంగారం అతకడానికి వాడేదే. హిందీలో సుహాగా. ఇంగ్లీషులో బోరాక్స్ అంటాం, ఆ మాట అరబ్బీ 'బూరఖ్' నుంచి పోయిందే. మా ఉస్తాద్ దగ్గర డబ్బా మీద ఏ పేరూ లేదు, పాలపొడి డబ్బాలో పోసి పెట్టుకున్నాడు. ఇనుము నారింజ రంగుకు రాకముందే తీసి, వైరు బ్రష్షుతో రుద్ది, వెలిగారం చల్లి, మళ్ళీ నిప్పులో పెడతారు. వెలిగారంలో నీరు కలిసి ఉంటుంది కాబట్టి మొదట పొంగుతుంది, అప్పడంలా ఉబ్బి పక్కకు రాలిపోతుంది. ముందే పెనం మీద వేయించి నీరు పోగొట్టి దంచి పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. కరిగాక గాజులాగా ఇనుమును కప్పుతుంది, పొలుసును తనలోకి లాక్కుంటుంది, దెబ్బ పడగానే బయటికి చిమ్ముతుంది. చిమ్మడం అంటే ఊరికే కాదు, నిప్పు కణికల్లా ఎగురుతుంది. ప్యాంటును బూటు లోపలికి దోపుకుంటే బూటులోకే పోతుంది. ప్యాంటు బూటు పైన ఉండాలి.

నిప్పు గురించి ఉస్తాద్ మాకు రెండు శుక్రవారాలు చెప్పాడు, సుత్తి పట్టనివ్వలేదు. మొదట విసుగ్గానే ఉండింది. ఆయన వాడేది సముర్ చెట్టు బొగ్గు, మన తుమ్మ జాతిదే. ఊళ్ళో మన కమ్మరులు తుమ్మ బొగ్గు కాల్చినట్టే. కట్టెబొగ్గులో గంధకం ఉండదు కనుక అతుకుకు మంచిది, రాతిబొగ్గు అయితే గంధకం, చిట్టెం రెండూ చూసుకోవాలి. గాలి వచ్చే గొట్టం నోటికి దగ్గరగా ఇనుమును పెడితే అక్కడ గాలి మిగిలి ఉంటుంది, ఇనుమును తినేస్తుంది. కింద జానెడు నిప్పు, పైన బెత్తెడు నిప్పు, మధ్యలో ఇనుము. గాలి మెల్లగా. "షువయ్య, షువయ్య" అని ఆయన రోజుకు వందసార్లు అనేవాడు. మెల్లగా, మెల్లగా అని. సైటులో మనకు వినపడేది 'యల్లా యల్లా' ఒక్కటే కదా, ఈ మాట వినడానికి చెవులకు కొంత కాలం పట్టింది.

ఎప్పుడు తీయాలి? కొత్తవాళ్ళకు అన్నిటికంటే కష్టమైంది అదే. ఎరుపు, నారింజ, పసుపు, తర్వాత తెలుపు వైపు పోయే పసుపు. అప్పుడు ఇనుము ఒళ్ళంతా నెయ్యి రాసినట్టు తడితడిగా మెరుస్తుంది. అదే అదను. ఇంకాస్త ఉంచితే కాకరపువ్వొత్తిలా చుక్కలు రాలుతాయి, అంటే ఇనుము కాలిపోతోందని. ఉక్కు సంగతి వేరే. కర్బనం ఎక్కువైన కొద్దీ అతుకు వేడి తక్కువ. కమాను పట్టీ ముక్కను మెత్తటి ఇనుమంత తెల్లగా కాలిస్తే దెబ్బకు పెరుగులా చిట్లిపోతుంది. రెండూ కలిపి అతకాలంటే ఇనుమును ముందు పెట్టి, ఉక్కును తర్వాత పెట్టి, రెండూ ఒకేసారి తమతమ వేడికి వచ్చేట్టు చూడాలి. ఎండ వెలుగులో ఈ రంగులు తెలియవు. కొలిమి ఎందుకు చీకటి షెడ్డులో ఉంటుందో మాకు అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు ఊళ్ళో కమ్మరి పాక ముందు నిలబడి, ఇంత చీకట్లో వీళ్ళు ఎలా పనిచేస్తారా అనుకునేవాళ్ళం.

తీశాక ఉన్న సమయం కొన్ని సెకన్లే. దాగలి చల్లగా ఉంటే అది కూడా లేదు, అందుకే ముందే ఒక కాలిన దిమ్మ దాగలి మీద పెట్టి వెచ్చబెడతారు. అతికే కొసల్ని ముందే దట్టించి లావు చేసుకోవాలి, వాలుగా కొట్టుకోవాలి. వాలు ముఖం చదునుగా కాకుండా మధ్యలో కాస్త ఉబ్బుగా ఉండాలి. నడుమ ముందు తగిలి, కరిగిన వెలిగారం పక్కలకు పోవడానికి దారి ఉంటుంది. మొదటి దెబ్బ బలంగా వేయకూడదు. ఇది మన వెల్డర్ తమ్ముళ్ళకంటే స్టీల్ ఫిక్సర్లకు కష్టమైంది, వాళ్ళ చేతికి సమ్మెట అలవాటు. బలంగా కొడితే ఒక ముక్క మీది నుంచి ఇంకొకటి జారిపోతుంది. తేలికగా, త్వరగా, నడుమ రెండు దెబ్బలు, తర్వాత అంచులకు. పట్టిందా లేదా చెవి చెప్తుంది. పట్టకముందు రెండు రేకులు కొట్టిన చప్పుడు, పట్టాక ఒకే దిమ్మ చప్పుడు. చల్లారేటప్పుడు కూడా చూడొచ్చు. అతుకు వెంట నల్ల గీత కనపడితే అక్కడ లోపల పట్టలేదని. మళ్ళీ వెలిగారం, మళ్ళీ నిప్పు. ఒక అతుకుకు రెండు మూడు కాపులు మామూలే.

మీలో ఎవరైనా మొదలుపెడితే రెండు వేర్వేరు ముక్కలతో మొదలుపెట్టొద్దు. 10, 12 మిల్లీమీటర్ల మెత్తటి కడ్డీని కొస దగ్గర తన మీదికి తనే మడిచి, ఆ మడతను అతకండి. రెండు పట్టకార్లు అక్కర్లేదు, జారే పని లేదు, రెండు పొరలూ ఒకే వేడికి వస్తాయి. అతికాక ఆ కొసను వైస్‌లో బిగించి వంచి చూడండి, మడత విచ్చుకుంటే పట్టలేదని. తొలి ఐదారు ఎవరికీ పట్టవని ఉస్తాద్ ముందే చెప్పాడు. తనకు తన తండ్రి ఒక ఎండాకాలమంతా ఈ మడతలే చేయించాడట.

కడ్డీ అంటే సైటులో మిగిలిన రీబారు ముక్కలు అనుకునేరు. రెండు కారణాలతో వద్దు. ఒకటి, స్క్రాపు కంపెనీది. గేటు పాసు లేకుండా జానెడు ముక్క బయటికి తెచ్చినా దొంగతనం కేసే, ఈ దేశంలో ఆ కేసు ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. రెండు, టీఎంటీ కడ్డీకి బలం ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు. మిల్లులో ఎర్రగా ఉండగా నీళ్ళు కొట్టి పై పొరను గట్టిపరుస్తారు. అందుకే సైటులో దాన్ని గ్యాసుతో కాల్చి వంచొద్దని చెప్తాం. కొలిమిలో పెడితే ఆ బలం పోతుంది, లోపలి కర్బనం ఎంతో ముక్క ముక్కకూ తేడా ఉండొచ్చు. కొత్తవాడికి అది గందరగోళం. దుకాణంలో మైల్డ్ స్టీల్ కడ్డీ కొనుక్కోండి.

ఇక మా హెల్పర్ తమ్ముడి సంగతి. అతన్ని అడిగే చెప్తున్నాం, పేరు వద్దన్నాడు. జగిత్యాల వైపు. మూడేళ్ళుగా మాతోనే ఒకే రూములో ఉన్నాడు. ఊళ్ళో ఏం చేసేవాడివి అంటే వ్యవసాయం అనేవాడు. నాలుగో శుక్రవారం మేము నిప్పు దగ్గర తంటాలు పడుతుంటే, వెనక నుంచి వచ్చి ఏమీ మాట్లాడకుండా పట్టకారు తీసుకుని, నిప్పును ఇటూ అటూ సర్ది, కడ్డీని తిప్పి పెట్టాడు. ఆ పట్టుకున్న తీరు చూసి ఉస్తాద్ అరిటాకు మీద అన్నం వదిలేసి లేచిన మనిషిలా తన కాఫీ పక్కన పెట్టి లేచాడు. "నీ బాపు హద్దాదా?" అని అడిగాడు. తమ్ముడు కాసేపు ఆగి అవునన్నాడు. తాత కూడా అన్నాడు.

మూడేళ్ళు మాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అని మేము అడగలేదు, అడగక్కర్లేదు. ఊళ్ళో ట్రాక్టరు వచ్చాక నాగలి కర్రు పోయింది, కొడవళ్ళు, పారలు సంతలో ఫ్యాక్టరీవి దొరికాయి, కొలిమి చల్లారింది. ఏటా గింజలు కొలిచి ఇచ్చిన ఇళ్ళే కమ్మరోడు అని తేలిగ్గా మాట్లాడాయి. కొడుకు గల్ఫ్‌కు పోతానంటే అప్పు చేసి పంపారు. ఇక్కడ వీసా మీద 'లేబర్' అని ఉంది. వేడి ఇనుము రంగు చూసి డిగ్రీలు చెప్పగలవాడు మూడేళ్ళు ఇటుకలు మోశాడు. అతని వేళ్ళలో ఉన్న పని ఏ ఫారంలోనూ రాసేందుకు గడి లేదు.

ఆ రోజే అతను వాళ్ళ బాపుకు వీడియో కాల్ చేశాడు. ఫోను నిప్పు వైపు తిప్పి పట్టుకున్నాం. ఆయన కాసేపు మాట్లాడలేదు, నెట్టు ఆగిందేమో అనుకున్నాం. తర్వాత ఆయన అన్న మొదటి మాట: "గాలి తగ్గియ్యి బిడ్డా, ఇనుమును తింటున్నది." ఉస్తాద్ తెలుగు రాకపోయినా చెయ్యి చూసి అర్థం చేసుకుని, పంకా తగ్గించి, ఫోను వైపు చూసి తల ఊపాడు. అటు నుంచి ఆయనా ఊపాడు. మేము మధ్యలో తర్జుమా చేద్దామని సిద్ధంగా ఉన్నాం, మా అవసరం రాలేదు. ఉస్తాద్ తన దాగలి చూపించాడు, ఆయన గుడిసె మూలలో గోనె కప్పి ఉన్న తన దాగలి చూపించాడు. ఇరవై నిమిషాలు అలాగే జరిగింది. అప్పటి నుంచి శుక్రవారం ఆయన ఫోనుకు ఎదురుచూస్తాడట, ఫోను ఆలస్యమైతే ఆయనే చేస్తాడు.

జగిత్యాల, నిజామాబాద్ అంటే ఉస్తాద్‌కు తెలియదు, హైదరాబాద్ తెలుసు. మేము ఆయనకు కోనసముద్రం గురించి చెప్పాం. నిజామాబాద్ జిల్లాలో ఉంది. అక్కడ మూసల్లో ఇనుమును కర్బనంతో కలిపి కరిగించి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. ఆ ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం వచ్చేవాళ్ళని 19వ శతాబ్దం మొదట్లో ఆ ఊరు చూసిన ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టారు. ఇంగ్లీషులో ఊట్జ్ అనే మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ ముద్దతో కత్తి చేసేవాడు తెల్లగా కాలిస్తే అది చిట్లిపోతుంది, తక్కువ వేడి మీదే ఓపికగా సాగదీయాలి. ఉస్తాద్ ఇదంతా విని "మరి ఇప్పుడు అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తున్నారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అప్పుడు ఉక్కు వచ్చింది, ఇప్పుడు మనుషులు వస్తున్నారు.

కమిటీవాళ్ళ మొదటి కోరిక కూడా కొంత తీరుస్తాం. గాల్వనైజ్డ్ పైపు, స్కాఫోల్డింగ్ ముక్క, జింకు పూత ఉన్నది ఏదీ కొలిమిలో పెట్టొద్దు. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. గాల్వనైజ్డ్ మీద వెల్డింగు చేసి వణికినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. పాలిస్టర్ బట్టలతో నిప్పు ముందుకు పోవద్దు, ఒంటికి కరిగి అంటుకుంటుంది, నూలు బట్టలే. తెల్లటి వేడిని గంటలకొద్దీ ఉత్త కళ్ళతో చూడొద్దు, అద్దాలు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, బొగ్గుల కుంపటి రూములోకి తేవద్దు. చలికాలంలో తలుపులు మూసి వెచ్చదనం కోసం బొగ్గులు పెట్టుకుంటారు. ఆ గాలికి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే మనిషి పోతాడు. కొలిమి షెడ్డుకు మూడు వైపులా గోడ లేకపోవడం ఊరికే కాదు.

ఇంకొకటి. మేము నేర్చుకోవడానికి పోయాం, సంపాదనకు కాదు. ఉస్తాద్ ఒకసారి మా తమ్ముడికి పది రియాళ్ళు ఇవ్వబోతే తీసుకోలేదు. స్పాన్సర్ కాని చోట కూలికి పనిచేస్తే ఇక్కడి చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే మనతో పాటు పని ఇచ్చినవాడికీ ఇబ్బంది. క్యాంపు బాసుకు చెప్పే పోయాం. డబ్బుకు బదులు ఉస్తాద్ ఖర్జూరాలు ఇచ్చాడు, మేము అతని షెడ్డు కప్పు సరిచేసి ఇచ్చాం. ఇచ్చిపుచ్చుకోవడానికి అది చాలు.

తమ్ముడు ఇంకో ఏడాది చేసి ఇంటికి పోయి కొలిమి మళ్ళీ వెలిగిస్తానంటున్నాడు. తోటపని సామాన్లు, గేట్ల పూలపని చేస్తే పట్నంలో గిరాకీ ఉంటుందని లెక్క వేసుకుంటున్నాడు. వాళ్ళ బాపు వద్దంటున్నాడు. శుక్రవారం ఫోనులో నిప్పు చూస్తూ గంట మాట్లాడే మనిషే, ఆ మాట ఎత్తితే "నువ్వు అక్కడే ఉండు బిడ్డా, అప్పు ఇంకా తీరలే" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మా రూములో దీని మీద రాత్రిళ్ళు వాదనలు అవుతున్నాయి, ఏడుగురికి ఎనిమిది అభిప్రాయాలు. మీలో ఎవరికైనా ఊళ్ళో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టిన అనుభవం ఉంటే, లోను, కరెంటు మీటరు, బొగ్గు ఎక్కడ దొరుకుతుంది లాంటివి తెలిసి ఉంటే, భోజనాల దగ్గర అతనితో మాట్లాడండి. నీలం చొక్కా వేసుకుని మూడో వరుసలో కూర్చున్నాడు. ఇప్పుడు తల దించుకున్నాడు చూడండి, అతనే.

చలి మొదలయ్యాక మళ్ళీ పోతాం. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పనే ఆపమంటుంది ఇక్కడి చట్టం, ఆ ఎండలో కొలిమి మాట ఉస్తాద్ కూడా ఎత్తడు. షెడ్డు చిన్నది, కొత్తగా ముగ్గురికి మించి చోటు లేదు. రావాలనుకున్నవాళ్ళు నూలు బట్టలు, తోలు బూట్లు, 12 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ కడ్డీ ఒక మీటరు తెచ్చుకోండి. వెలిగారం మా దగ్గర ఉంది.